తొట్టిలో చేప, గృహస్థు ధర్మం

చేపల విసర్జనను మొక్కలకు ఎరువుగా మార్చి, మొక్కల వేర్లు శుద్ధి చేసిన నీటిని తిరిగి చేపలకే చేర్చే సాగు పద్ధతిని ఆక్వాపోనిక్స్ అంటారు. పెరట్లోనో మేడ మీదనో ఒక నీటి తొట్టి, దాని పక్కన కంకర నింపిన మొక్కల మడి, నీటిని ఎత్తిపోసే చిన్న మోటారు, నీటిలోకి గాలి పంపే ఏరేటర్ ఉంటే కావలసిన సామగ్రి చాలావరకు సమకూరినట్లే. గుడివాడ నుంచి కైకలూరు మీదుగా కొల్లేరు దాకా వరిపొలాలు చేపల చెరువులుగా మారిన దిగువ కృష్ణా డెల్టాలో చేపల పెంపకం కొత్త విద్య కాదు కనుక, ఇందులోని పనితనం ఇక్కడివారికి త్వరగానే పట్టుబడుతుంది. అయితే చెరువు సాగు బతుకుతెరువు కోసం చేసేది. ఇంటి తొట్టి మాత్రం గృహస్థు ఎవరి బలవంతమూ లేకుండా తనకు తానై తలకెత్తుకునే భారం. కాలువలో తిరగవలసిన ప్రాణిని తన ఆకుకూరల కోసం ఇంటికి తెచ్చి బంధించిన మనిషి ఆ ప్రాణికి రక్షకుడా, యజమానా, లేక ఋణపడినవాడా అన్నది తొట్టి కొనకముందే ఆలోచించదగిన ధర్మప్రశ్న.

భారతీయ వాఙ్మయంలో ఇంటి పాత్రలో చేపను పెంచినవాడు మనువు. శతపథ బ్రాహ్మణంలోని కథ ప్రకారం, ఉదయాన చేతులు కడుక్కుంటున్న నీటిలో ఒక చిన్న చేప ఆయన చేతికి వచ్చి, చిన్నతనంలో తమను తమ జాతివారే మింగుతారనీ, పెరిగేదాకా కాపాడమనీ అడుగుతుంది. మనువు దానిని మొదట కుండలో, అది చాలనప్పుడు గుంట తవ్వి అందులో, చివరకు సముద్రంలో ఉంచుతాడు. భాగవతం అష్టమ స్కంధంలో ఇదే కథ సత్యవ్రతుడనే ద్రవిడ రాజు పేరుతో వస్తుంది, అక్కడ చేప మొదట చేరేది కమండలంలోకి. వినేవారి మనసు సాధారణంగా ప్రళయం మీదికీ, నావ మీదికీ పోతుంది గాని, కథలో ధర్మం నిలిచి ఉన్నది పాత్రలు మారే ఆ నడిమి భాగంలోనే. ఆశ్రయం ఇస్తానన్న మాట ఒక్కసారితో చెల్లిపోదు, ప్రాణి పెరిగినకొద్దీ ఆ మాటా పెరుగుతుంది. పైగా మనువు చేప తానే శరణు కోరింది, ఇంటి తొట్టిలోని చేప ఎవరినీ ఏమీ కోరలేదు. కోరినదాన్ని కాపాడితే అది దయ అవుతుంది. కోరనిదాన్ని తెచ్చి బంధించాక కాపాడడం బాకీ తీర్చడమే అవుతుంది.

ఈ బాకీ ఎంత పెద్దదో నీటి రసాయనాన్ని చూస్తే తెలుస్తుంది. చేప ప్రధానంగా మొప్పల ద్వారా అమ్మోనియాను విడుస్తుంది. నదిలో అది ప్రవాహంలో పలచబడిపోతుంది, నీరు చెడినచోట నుంచి చేప ఈదిపోగలదు కూడా. తొట్టిలో ఈ రెండు దారులూ మూసుకుపోయి, తాను విడిచిన విషంలోనే అది బతకవలసి వస్తుంది. కంకర మీదా గొట్టాల లోపలా పొరగా పెరిగే కంటికి కనబడని బాక్టీరియా ఈ అమ్మోనియాను మొదట నైట్రైట్‌గా, ఆపై నైట్రేట్‌గా మారుస్తాయి. తొలి పనిని నైట్రోసోమోనాస్ వంటి జాతులు, రెండవదాన్ని నైట్రోస్పైరా వంటివి చేస్తాయి. మొదటి రెండు పదార్థాలూ చేపకు ప్రమాదకరం, మూడవది చాలావరకు నిరపాయకరం, పైగా మొక్కలకు ఆహారం. ఈ సూక్ష్మజీవుల కాపురం స్థిరపడడానికి మన వేడి వాతావరణంలో సాధారణంగా మూడు నుంచి ఆరు వారాలు పడుతుంది. కొత్తవారు ఎక్కువగా తొందరపడేది ఇక్కడే: తొట్టి నింపిన రోజునే చేపపిల్లలను వదులుతారు, వారం తిరగకుండానే అవి తేలిపోతాయి. కొద్దికొద్దిగా అమ్మోనియాను చేర్చుతూ, పరీక్ష కిట్‌లో అమ్మోనియా, నైట్రైట్ రెండూ దాదాపు సున్నాకు దిగి నైట్రేట్ కనిపించేదాకా ఖాళీ తొట్టిని నడపడం సాంకేతిక జాగ్రత్తగానే పుస్తకాలలో కనిపిస్తుంది. నిజానికి ఈ సాగులో మొదటి ధర్మాచరణ అదే. డెల్టా చివర సముద్రపు ఒడ్డున ఉన్న దివిసీమలో దీనికి ముందు మరో పరీక్ష ఉంది. సముద్రానికి దగ్గరైన ఊళ్లలో బోరునీరు చాలాచోట్ల ఉప్పన కనుక వాననీటినో మంచినీటి పథకం నీటినో వాడవలసి వస్తుంది. పథకం నీటిలోని క్లోరిన్ చేపకూ బాక్టీరియాకూ హానికరం కనుక దానిని ఒకటి రెండు రోజులు తెరిచి ఉంచి గాలి పట్టించాలి.

గుడివాడలో పార్శ్వనాథుని జైనాలయం ఉంది, దివిసీమ వాకిట ఘంటసాలలో బౌద్ధ మహాచైత్యపు అవశేషాలు ఉన్నాయి. ఈ రెండు మార్గాలూ నీటి ప్రాణుల విషయంలో గృహస్థులకు కఠినమైన నియమాలు చెప్పాయి. బుద్ధుడు ఉపాసకులకు వద్దన్న ఐదు వ్యాపారాలలో ప్రాణుల విక్రయమూ మాంస విక్రయమూ ఉన్నాయి. జైన శ్రావకులు విడిచిపెట్టవలసిన పదిహేను వృత్తులలో చెరువులను ఎండగట్టడం ఒకటి. నీటిలోనూ మట్టిలోనూ కంటికి అందని జీవులు కిక్కిరిసి ఉన్నాయని జైన శాస్త్రం చెప్పినప్పుడు దానిని అతిశయోక్తిగా భావించినవారు, కంకర మీది ఆ పొర ఆగిపోతే తొట్టి మొత్తం ఎలా కూలిపోతుందో గమనిస్తే ఆ చూపులోని లోతును గుర్తించగలుగుతారు. జీవులు పరస్పరం ఉపకరించుకుంటాయన్న జైనాచార్యుడు ఉమాస్వాతి సూత్రం ఇక్కడ బాగా అన్వయిస్తుంది. కాని ఒక తేడా ఉంది: ఆ పరస్పరతను తొట్టిలో కూర్చినవాడు మనిషి, మోటారు మీటను చేతిలో పెట్టుకున్నవాడూ మనిషే. కాబట్టి ప్రకృతి సామరస్యాన్ని ఇంట్లో చూసి మురిసిపోవడం కంటే, ఆ కూర్పుకు జవాబుదారీ తానేనని గ్రహించడం అవసరం.

చేపల మలినంతో పెరిగిన తోటకూరా పుదీనా దేవుని నివేదనకు పనికివస్తాయా అన్న సందేహం ఆచారం గల ఇళ్లలో తప్పక వస్తుంది. పేడ ఎరువుతో పండిన బియ్యాన్ని తరతరాలుగా నివేదిస్తున్న ఇంటికి ఈ సందేహం ఎక్కువసేపు నిలవకూడదు. యజ్ఞశేషాన్ని, అంటే ఉచ్ఛిష్టాన్ని, సర్వానికీ ఆధారంగా స్తుతించే సూక్తం అథర్వవేదంలోనే ఉంది. శుచి విషయంలో ఈ పద్ధతికి మరో గౌరవం కూడా దక్కాలి. చేపల చెరువుల మురుగు డ్రెయిన్లలో పడి, కొల్లేరులోకీ, అక్కడి నుంచి ఉప్పుటేరు ద్వారా సముద్రంలోకీ పోతుంది. 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడినేలల రాంసార్ జాబితాకెక్కిన ఆ సరస్సులో 2006లో ప్రభుత్వం చేపల చెరువుల గట్లను తెగ్గొట్టించవలసి వచ్చింది. ఇంటి తొట్టి తన మలినాన్ని చాలావరకు తన గడపలోనే ఖర్చు చేసుకుంటుంది, దిగువ ఊరి నెత్తిన పెట్టదు.

ధర్మశాస్త్రాలు గృహస్థు ఇంట ఐదు హింసాస్థానాలను లెక్కించాయి: పొయ్యి, సన్నికల్లు, చీపురు, రోలు, నీళ్ల కుండ. వీటి దోషం పోవడానికి చెప్పిన పంచమహాయజ్ఞాలలో ఇతర ప్రాణులకు అన్నం పెట్టే భూతయజ్ఞం ఒకటి. కోనేటి చేపలకు మరమరాలు చల్లేవారు ఆ భావంతోనే చల్లుతారు, అందులో ప్రతిఫలం లేదు. తొట్టి చేపకు వేసే మేతను ఆ పుణ్యంలో జమకట్టుకోవడం సరికాదు, ఎందుకంటే ఆ మేత మరునాటికి మొక్కల ఆహారమై ఇంటికే తిరిగివస్తుంది. అంతేకాక, ఇక్కడ చేతికి ఎముక లేకుండా పెట్టడమే హింస అవుతుంది: తినకుండా మిగిలిన మేత కుళ్లి అమ్మోనియాగా మారుతుంది, నీటిలోని ప్రాణవాయువును హరిస్తుంది. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ 2014లో ప్రచురించిన చిన్నతరహా ఆక్వాపోనిక్స్ గ్రంథం ఆకుకూరల మడికి చదరపు మీటరుకు రోజుకు 40 నుంచి 50 గ్రాముల మేతను, 1000 లీటర్ల నీటికి 20 కిలోల చేపలను పరిమితిగా సూచిస్తుంది. 500 లీటర్ల తొట్టికి అది 10 కిలోలు. కొత్తవారు అందులో సగంతో ఆగడం మేలు.

ఆ సగం దగ్గరే మనువు కుండ సమస్య మళ్లీ ఎదురవుతుంది. శీలావతి, బొచ్చె వంటి చేపలు మంచి మేత దొరికితే ఏడాదిలోనే కిలోకు చేరువవుతాయి, తొట్టి మాత్రం పెరగదు. తినే ఇల్లు ఆ సమయంలో పట్టి వండుకుంటుంది. ఆ వధ త్వరగా, బాధ తక్కువగా జరగాలన్న నియమం ఆ ఇంటికి వర్తిస్తుంది. తినని ఇల్లు ప్రశ్న నుంచి తప్పించుకున్నట్లు భావిస్తుంది గాని, దాని పరిస్థితే మరింత జటిలం. పెరిగిన చేపలను కాలువలో వదలడం జీవకారుణ్యంగా కనిపించినా, తిలాపియా వంటి పరాయి జాతులు అక్కడి దేశవాళీ చేపల ఉనికికే ముప్పు తెస్తాయి, ఒక ప్రాణికి ఇచ్చిన విడుదల వేయి ప్రాణులకు శిక్ష అవుతుంది. కనుక తినని ఇల్లు ఎక్కువగా పెరగని రంగుచేపలను కొద్దిగా ఉంచుకుని, వాటి పూర్తి ఆయుష్షుకు పూచీ పడడం సముచితం. ఏ ఇల్లయినా ఈ నిర్ణయాన్ని చేపను తెచ్చే ముందే తీసుకోవాలి.

ఇక తుఫాను. 1977 నవంబరు 19న ఉప్పెన దివిసీమను ముంచి వేలమందిని పొట్టన పెట్టుకున్న నాటి నుంచి ఈ తీరంలో కార్తీక మాసపు మబ్బును ఎవరూ తేలికగా చూడరు. ఈనాటి తుఫానుల్లో కరెంటు పోతే మోటారూ ఏరేటరూ ఆగిపోతాయి, కిక్కిరిసిన తొట్టిలో చేపలు కొన్ని గంటలలోనే ఊపిరాడక చనిపోతాయి. మనుషులే పునరావాస కేంద్రాలకు తరలవలసిన వేళ తొట్టిని చూసుకోమని ఏ ధర్మమూ అడగదు, అడగకూడదు కూడా. కాని హెచ్చరిక వచ్చినప్పటి నుంచి తరలివెళ్లేదాకా ఉన్న వ్యవధిలో చేయగలిగినది ఉంది: బ్యాటరీతో నడిచే ఏరేటర్‌ను సిద్ధం చేయడం, ముందే చేపల సంఖ్యను తగ్గించుకోవడం, మేతను పూర్తిగా ఆపివేయడం. మేత అరిగించుకోవలసిన పని లేని చేప తక్కువ ప్రాణవాయువుతో సరిపెట్టుకుంటుంది, తక్కువ అమ్మోనియాను విడుస్తుంది, ఆరోగ్యంగా ఉంటే రోజుల తరబడి ఆకలిని తట్టుకుంటుంది.