బడిపెద్ద ఎవరికి జవాబు చెప్పాలి?

హెడ్మాస్టర్లకు శిక్షణ ఇస్తే బడులు బాగుపడతాయని ఈనాడు చాలా దేశాల ప్రభుత్వాలు నమ్ముతున్నాయి. మన దేశంలోనూ 2012లో ఇందుకోసం జాతీయ పాఠశాల నాయకత్వ కేంద్రం పెట్టారు. శిక్షణ మంచిదే. అయితే దానికంటే ముందు తేల్చుకోవలసిన ప్రశ్న ఒకటుంది. బడిపెద్ద ఎవరికి జవాబు చెప్పాలి?

మధ్యప్రదేశ్‌లో 'శాలా సిద్ధి' పేరుతో ప్రతి బడినీ మదింపు చేసి, అభివృద్ధి ప్రణాళిక రాయించారు. దాని ఫలితాన్ని కార్తీక్ మురళీధరన్, అభిజీత్ సింగ్ అనే ఆర్థికవేత్తలు పరిశీలించారు. మదింపులు జరిగాయి, ప్రణాళికలు తయారయ్యాయి. పాఠం చెప్పే తీరు మాత్రం మారలేదు, పిల్లల చదువూ పెరగలేదు. అయినా ఆ కార్యక్రమాన్ని వేలాది బడులకు విస్తరించారు. పైవాళ్లు కాగితం అడిగారు, కాగితం అందింది. చదువేదని అడిగే గొంతు అక్కడ లేదు.

మన భద్రాచలం ఏజెన్సీకి వద్దాం. మార్చి, ఏప్రిల్ నెలల్లో ఇప్పపువ్వు రాలుతుంది. పిల్లలు తెల్లవారకముందే తల్లుల వెంట అడవికి పోతారు. ఆ పువ్వే ఆ ఇంటికి ఉప్పూ నూనే. పైకి మాత్రమే జవాబు చెప్పే హెడ్మాస్టరుకు ఇది హాజరు సమస్య. వీళ్లకు చదువు విలువ తెలియదని ఒక మాట అనేసి ఊరుకుంటాడు. గూడేనికి జవాబు చెప్పేవాడు పటేలునూ తల్లులనూ కూర్చోబెట్టి మాట్లాడతాడు. ఎవరు పోక తప్పదు, ఎన్నింటికి తిరిగొస్తారు, తప్పిన పాఠం ఎప్పుడు చెప్పాలి అని అడుగుతాడు.

ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చిన గొత్తికోయ బిడ్డ ఏ కాగితమూ లేకుండా బడి గుమ్మంలో నిలబడితే? వయసు పత్రం లేదన్న కారణంతో ఏ బిడ్డనూ కాదనకూడదని 2009 విద్యాహక్కు చట్టమే చెబుతోంది. అది తెలిసి కూడా 'రేపు పైవాళ్లు అడుగుతారు' అని వెనక్కి పంపితే దాన్ని నిర్వహణ లోపం అనలేం. అది అన్యాయం.

అదే చట్టం బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులు ఉండాలంది, సభ్యుల్లో సగం మంది ఆడవాళ్లు ఉండాలంది. కాని సమావేశం ఆఫీసు తెలుగులో సాగితే కోయ తల్లి వేలిముద్ర వేసి ఇంటికి పోతుంది. ముద్ర పుస్తకంలో ఉంటుంది, ఆమె మాట ఎక్కడా ఉండదు.

మనవాడే హెడ్మాస్టరైతే చాలు కదా అంటారు కొందరు. ఏజెన్సీ టీచరు పోస్టులన్నీ స్థానిక ఆదివాసులకే అన్న 2000 నాటి జీవో 3ను 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కొట్టేసింది. ఆ హక్కు కోసం కొట్లాడవలసిందే. పిల్లల భాష తెలిసిన పంతులు దొరకడం చిన్న సంగతి కాదు. కాని ఆదివాసీ అయినంత మాత్రాన ముఖం గూడెం వైపు తిరగదు. కుర్చీ ఎవరినైనా పైకే చూడమంటుంది.

హెడ్మాస్టరు బరువునూ చూడాలి. ఆశ్రమ పాఠశాలలో సరుకులు, పడకలు, జ్వరాలు అన్నీ ఆయన మీదే. పైనుంచి మెమో వస్తుంది, గూడెం నుంచి రాదు. భయం ఎటుంటే మనిషి అటే మొగ్గుతాడు.

కాబట్టి శిక్షణలో కొన్ని రోజులైనా గూడెంలోనే జరగాలి. ప్రశ్నలు కమిటీ తల్లులు అడగాలి, వాళ్ల భాషలోనే జవాబు చెప్పాలి. మా పిల్లల్లో ఎంతమందికి చదవడం వచ్చింది? రానివాళ్లకు ఈ నెల ఏం చేస్తావు? ఈ రెండు ప్రశ్నల ముందు నిలబడటం నేర్పితే చాలు. రిజిస్టర్లు రాయడం ఎలాగూ వస్తుంది.