ఒక్క ఈత

అంబర్‌పేటలో ఒక గల్లీ మొగదల ఇస్త్రీ బండి. దాని కింద ఒకే తల్లికి పుట్టిన రెండు ఆడ కుక్కపిల్లలు. ఎర్రదాన్ని ఇస్త్రీ అన్న సాకాడు. తెల్లదాన్ని ఎదురింటి టీచరమ్మ ఇంట్లోకి తీసుకుంది.

కొన్ని నెలలకు బల్దియా కుక్కల బండి వచ్చి ఎర్రదాన్ని పట్టుకెళ్లింది. తర్వాత చెవి కొస కత్తిరింపుతో, పొట్ట మీద కుట్లతో అదే గల్లీలో దింపిపోయారు. గోనెపట్టా మీద ముడుచుకున్న దాన్ని చూసి టీచరమ్మ కళ్లనీళ్లు పెట్టుకుంది.

"మీ దానికి గూడా పిల్లలు పుట్టకుండ ఆపరేషన్ జేయించున్రి అమ్మా, మంచిగుంటది" అన్నాడు అన్న.

"పాపం కదన్నా! ఆడజన్మ ఎత్తింది. ఒక్క ఈతన్నా ఈననీ."

ఆ ఒక్క ఈతా జరగలేదు. ఎదకొచ్చినప్పుడల్లా గల్లీ మగకుక్కలన్నీ గేటు ముందు పోగయ్యేవి. ఆమె తెల్లదాన్ని గదిలో పెట్టి గడియ వేసేది. ఏళ్లు గడిచాయి.

ఒకసారి ఎద పోయిన నెలకు తెల్లది గిన్నెడు నీళ్లు తాగి మళ్లీ గిన్నె దగ్గరే నిలబడసాగింది. అన్నం ముట్టలేదు. తోక కింద చీములాంటి మరక కనిపిస్తే టీచరమ్మ తడిగుడ్డతో తుడిచింది. వేడి చేసిందనుకుని మజ్జిగన్నం పెట్టింది. రెండు రోజులకు మరక ఆగితే తగ్గిందని సంతోషించింది. పొట్ట మాత్రం ఉబ్బుతూ వచ్చింది.

నారాయణగూడ పశువుల దవాఖానలో డాక్టర్ స్కాన్ చేసి చెప్పాడు. "గర్భసంచి నిండా చీము చేరిందమ్మా. మూతి మూసుకుపోయింది, అందుకే మరక ఆగింది. ఆ విషం ఇప్పుడు రక్తంలో కలుస్తోంది. వెంటనే గర్భసంచి తీసేయాలి."

చిన్నప్పుడు వద్దన్న ఆపరేషనే అది. ముసలితనంలో, విషం పాకిన ఒంటితో తెల్లది దాన్ని తట్టుకుని బతకడం అదృష్టం.

నీతి: జాలిపడితే చాలదు, ఆ ప్రాణి ఒంట్లో ఏం జరుగుతుందో తెలుసుకోవాలి. ఎద తర్వాత, చూలు నిలిచినా నిలవకపోయినా, ఆడకుక్క ఒంట్లో దాదాపు రెండు నెలలు ప్రొజెస్టెరాన్ ఎక్కువగా ఉంటుంది. ప్రతిసారీ గర్భసంచి లోపలి పొర మందమై సూక్ష్మజీవులకు చోటిస్తుంది. గర్భసంచిలో చీము చేరే ఈ జబ్బు, పయోమెట్రా, అలా వస్తుంది. ఆపరేషన్ కాని ఆడకుక్కల్లో పదేళ్లలోపు సుమారు నాలుగో వంతుకు ఇది వచ్చినట్టు స్వీడన్‌లో బీమా లెక్కలు చూపాయి. రొమ్ము గడ్డల ముప్పూ ఆపరేషన్ ఆలస్యమైన కొద్దీ పెరుగుతుంది. ఆపరేషన్‌కు ముందు ఒకసారి ఈనాలన్న మాటకు వైద్యంలో ఆధారం లేదు. ఆపరేషన్ తర్వాత కొన్నింటికి మూత్రం ఆగని ఇబ్బంది వస్తుంది, అందుకు మందులున్నాయి. పెద్ద జాతి కుక్కలకు ఏ వయసులో చేయించాలో డాక్టర్‌నే అడగాలి.

వీధి సంగతి ఇంకా బరువైనది. 2023 ఫిబ్రవరిలో ఇదే అంబర్‌పేటలో నాలుగేళ్ల పసివాడు వీధికుక్కల దాడిలో చనిపోయాడు. ఎద కాలంలో కుక్కలు గుంపు కడతాయి, ఈనిన తల్లి పిల్లల కోసం మీదికొస్తుంది. ఆ ఏడాది మార్చిలోనే వచ్చిన కొత్త ఏబీసీ (జంతు జనన నియంత్రణ) నిబంధనలు ఆపరేషన్ చేసి, రేబిస్ టీకా వేసి, పట్టిన చోటే వదలమంటున్నాయి. ఆపరేషన్‌కు గుర్తైన చెవి కత్తిరింపు లేని ఆడకుక్క మీ గల్లీలో ఉంటే బల్దియాకు చెప్పండి. బండి వచ్చిన రోజు దాన్ని ఇంట్లో దాచకండి.