పేరు లేని ముఖములు



మనలో కొందరి యిండ్లలో అటకమీదనో, ట్రంకుపెట్టె అడుగుననో పాత స్లైడుల పెట్టె యొకటి ఇప్పటికిని కలదు. రెండంగుళముల చదరపు చట్రము. దాని నడుమ 24 మిల్లీమీటర్ల ఎత్తు, 36 మిల్లీమీటర్ల వెడల్పు గల ఫిలిము ముక్క. వెలుతురుకు ఎత్తి పట్టినయెడల అందులో ఒక పెండ్లి, ఒక వరికోత, ఒక సముద్రతీరము అగపడును. వీటిని ఇంటిలోనే కంప్యూటరులోనికి ఎక్కించుకొనుట ఈ దినములలో సాధ్యమైనది. అయితే ఆ పనిలో మనము నిజముగా భద్రపరచుచున్నది ఏమిటి?

ఆలస్యము చేయదగిన పని కాదనుట నిజమే. 35 మిల్లీమీటర్ల కొడాక్రోమ్ స్లైడు ఫిలిము 1936లో వచ్చినది. 2009లో కొడాక్ కంపెనీ దానిని మానివేసినది. అది చీకటిలో రంగు నిలుపుకొనునుగాని, ప్రొజెక్టరు వెలుతురుకు వెలిసిపోవును. మరికొన్ని పాత ఫిలిములలో నీలిరంగు ముందుగా నశించి చిత్రమంతయు ఎర్రబారును. భోగాపురమువలె సముద్రపు గాలి తగులు ఊళ్లలో తేమవలన బూజు పట్టుటయు కలదు.

పని కష్టమైనది కాదు. రబ్బరు బుడ్డితో గాలి ఊది దుమ్ము పోగొట్టవలెను, తడిగుడ్డతో తుడువరాదు. అంగుళమునకు 4000 చుక్కల చొప్పున స్కానరు చదివినయెడల ఒక్క స్లైడునుండి సుమారు 2 కోట్ల చుక్కల చిత్రము వచ్చును. స్లైడును వెనుకకు త్రిప్పి పెట్టినయెడల కుడి యెడమలు తారుమారగును. చిత్రములో అంగడి బోర్డు ఉన్నయెడల ఆ అక్షరములే తప్పును పట్టియిచ్చును.

ఇంతవరకు యంత్రము పని. ఇక్కడనుండి మనస్సాక్షి పని. దుమ్ము, గీతలు తీసివేయుట అబద్ధమా? కాదు; కెమెరా యెదుట అవి లేనేలేవు. వెలిసిన రంగును సరిచేయుటయు, ఊహ హద్దు మీరనంతవరకు, అట్టిదే. కాని చిత్రపు అంచున నిలిచిన కూలివానిని అందము కొరకు చెరిపివేసినయెడల? చినిగిన పైపంచెను క్రొత్తదిగా మార్చినయెడల? అతడు ఆ దినమున అక్కడ నిలిచియుండెను. అతనిని తీసివేయుటకు మనకు హక్కు ఎవరు ఇచ్చిరి? కాలము చేర్చిన మరకను తీయవచ్చును. కాలము చూచిన మనిషిని తీయరాదు.

ఇంతకంటె పెద్ద లోపము మరియొకటి కలదు. చిత్రము స్వచ్ఛముగా నిలిచి, అందలి మనుష్యుల పేర్లు పోవుటయే. భోగాపురము విమానాశ్రయమునకు 2023 మే 3న శంకుస్థాపన జరిగినది. దాని నిమిత్తము మరడపాలెము, ముడసర్లపేట, బొల్లింకలపాలెము, రెల్లిపేట వాసులు తమ యిండ్లు విడిచి క్రొత్త కాలనీలకు తరలిరి. అట్టి ఊరి పాత చిత్రము ఎవరి యింటనైన ఉన్నయెడల, ఆ నూతి గట్టు ఏ వీధిదో, ఆ అరుగు ఎవరిదో నేల ఇక చెప్పజాలదు. అక్కడ బ్రదికినవారే చెప్పవలెను. వారిలో పెద్దవారు మన స్కానరు కొనుగోలు కొరకు కనిపెట్టుకొని యుండరు.

“చిత్రము ఉన్నది గదా, అది చాలదా?” అని కొందరందురు. యెహోషువ యొర్దాను నదిలోనుండి పండ్రెండు రాళ్లు తీయించి నిలువబెట్టించిన సంగతి మనమెరుగుదుము. ఆ రాళ్లు వాటంతట అవి మాటలాడవు. పిల్లలు అడుగుదురనియు, పెద్దలు చెప్పవలెననియు ఏర్పాటు జరిగినది. చెప్పువారు లేనియెడల అవి ఏటియొడ్డున పడియున్న రాళ్లే. పేరులేని చిత్రమును అంతే.

కాబట్టి క్రమమును మార్చుకొందము. ఈ నెలలో ఒక సాయంకాలము పది స్లైడులు తీసికొని ఇంటిలోని పెద్దమ్మయొద్దనో, తాతయ్యయొద్దనో కూర్చుందము. చూపు ఆననివారికి తెల్లని గోడమీద పెద్దదిగా కొద్దిసేపు చూపుదము. ఎవరు, ఎక్కడ, ఏ సంవత్సరము అని అడిగి, చట్రముమీద పెన్సిలుతో సంఖ్య వేసి, నోటుపుస్తకములో ఆ సంఖ్యయెదుట వివరము వ్రాసికొందము. తెలియనిచోట “తెలియదు” అనియే వ్రాయుదము. ఊహించిన పేరు పెట్టవద్దు. ఇతర కుటుంబములవారి ముఖములను పదిమందికి పంపుటకు ముందు వారిని అడుగుదము. తరువాత ప్రతులు రెండుచేసి, రెండు వేరు యిండ్లలో ఉంచుదము.

స్కానరు వచ్చే నెలకైనను దొరకును. పేర్లు చెప్పగల వారిని ఈ నెలలోనే అడుగుదము.