జారిపడినవాడి కోసం ఆగాలా?

మా మామ టీ అంగడి నంది కొండ కింద ఉంది. ఆదివారం వచ్చిందంటే నేను తెల్లవారకముందే అక్కడికి పోయి గ్లాసులు కడిగి ఇస్తాను. ఆ వేళకే బెంగళూరు నుంచి సైకిళ్ళవాళ్ళు గుంపులుగా వస్తారు. తలకు హెల్మెట్లు, ముందు వెనక లైట్లు. కొండ కింద ఒక గుక్క నీళ్ళు తాగి, ఏడెనిమిది కిలోమీటర్ల మలుపుల దారి తొక్కి పైకి పోతారు. నంది కొండ ఎత్తు సముద్రమట్టానికి దాదాపు 1,478 మీటర్లు. మేము బస్సులో పోయినా చెవులు గుయ్యిమంటాయి. వాళ్ళు కాళ్ళతో పోతారు.

మామకూ నాకూ ఒక ఆట ఉంది. ఆ గుంపులో ముందుగా పైకి చేరేది ఎవరో ఊహించి చెప్పాలి. మొదట్లో నేను ఖరీదైన సైకిల్ చూసి చెప్పేవాణ్ణి, ప్రతిసారీ ఓడిపోయేవాణ్ణి. "సైకిల్ని చూడొద్దురా, ఊపిరి చూడు. కింద నవ్వుతా మాట్లాడేవాడు పైన కూడా మాట్లాడతాడు. మొదటి మలుపులోనే లేచి తొక్కేవాడు నాలుగో మలుపులో దిగి తోస్తాడు" అన్నాడు మామ. అప్పట్నుంచి నా లెక్క కొంచెం కుదిరింది. చింతామణి పక్కన కైవారం తాతయ్య కాలజ్ఞానం చెప్పాడని మా పెద్దలు అంటారు. మాది అంత పెద్ద జ్ఞానం కాదు. టీ అంగడి జ్ఞానం.

ఈ ఆట పిచ్చితోనే నేను ఫ్రాన్సులో జరిగే టూర్ డి ఫ్రాన్స్ పందెం గురించి చదవడం, ఫోన్లో చూడడం మొదలుపెట్టాను. అది మూడు వారాలు సాగే పందెం. మొత్తం 21 రోజుల పరుగు, జట్టుకు 8 మంది. చదును నేల మీద ఒకడి వెనక ఒకడు తొక్కితే వెనకవాడికి గాలి దెబ్బ తగలదు, బలం చాలా మిగులుతుంది. కొండ ఎక్కేటప్పుడు వేగం తగ్గుతుంది కాబట్టి ఆ లాభం కూడా తగ్గుతుంది. అక్కడ ఎవడి బరువు వాడే మోయాలి. అందుకే పందెం కొండల్లోనే తేలుతుంది. కొండ రోజు ఎవరు ఏం చేస్తారో చాలావరకు ముందే చెప్పవచ్చు. వెనకబడినవాడు దూకాలి, ముందున్నవాడు అతని వెనకే అంటుకుని ఉండాలి. తెలివైన జట్టు తమవాడొకణ్ణి పొద్దున్నే ముందుకు పంపిస్తుంది, చివరి కొండ మీద నాయకుడు అలిసినప్పుడు సాయం చేయడానికి.

2022 జులై 21న లూర్దు నుంచి ఓటకామ్ అనే కొండ దాకా పరుగు జరిగింది. డెన్మార్క్‌కు చెందిన వింగెగార్డ్ అప్పటికి 2 నిమిషాల 18 సెకన్లు ముందున్నాడు. అంతకుముందు రెండేళ్ళూ గెలిచిన స్లొవేనియా యువకుడు పొగాచర్ రెండో స్థానంలో ఉన్నాడు. పొగాచర్ జట్టులో మిగిలింది నలుగురే. మా మామని అడిగినా చెప్పేవాడు, పొగాచర్ దూకక తప్పదని. అట్లే దూకాడు. ఒకసారి కాదు, మళ్ళీ మళ్ళీ. వింగెగార్డ్ వదల్లేదు. స్పాండెల్ అనే కొండ దిగేటప్పుడు కూడా పొగాచర్ వేగం తగ్గించలేదు. మొదట వింగెగార్డ్ తూలి, పడబోయి నిలదొక్కుకున్నాడు. కొద్దిసేపటికే పొగాచర్ మలుపులో కంకర మీద జారి పడిపోయాడు.

ఇక్కడి దాకా అంతా లెక్కే. తర్వాత జరిగింది లెక్కకు అందదు. వింగెగార్డ్ వెనక్కి చూసి వేగం తగ్గించాడు. పొగాచర్ లేచి, తొక్కుకుంటూ వచ్చి, చేయి చాచాడు. ఇద్దరూ సైకిళ్ళ మీదే చేతులు కలుపుకొని ముందుకు పోయారు.

పన్నెండేళ్ళ ముందు, 2010 జులై 19న, దీనికి ఎదురైన సంగతి జరిగింది. పోర్ట్ డె బాలెస్ కొండ మీద ముందంజలో ఉన్న ఆండీ ష్లెక్ సైకిల్ చైను ఊడిపోయింది. అతను దిగి చైను ఎక్కించుకునేలోగా కొంటడోర్ దాటి పోయాడు. ఆ రోజు అతను సంపాదించింది 39 సెకన్లు. పారిస్ చేరేసరికి అతను గెలిచింది కూడా సరిగ్గా 39 సెకన్ల తేడాతోనే. చైను సంగతి తనకు అప్పటికి తెలియదన్నాడు, ఆ సాయంత్రమే క్షమాపణ కోరుతూ వీడియో పెట్టాడు. తర్వాత నిషిద్ధ పదార్థం కేసులో 2012లో ఆ గెలుపు రద్దయి ష్లెక్‌కు దక్కింది. అది వేరే సంగతి.

జారిపడినవాడి కోసం ఆగాలని పందెం నియమాల్లో లేదు. మరి ఆగాలా?

మొదట నాకు ఒక జవాబు తోచింది. పందెం దేన్ని పరీక్షిస్తుందో దానివల్ల వచ్చిన గెలుపే గెలుపు. కొండ పందెం కాళ్ళనూ గుండెనూ పరీక్షిస్తుంది, చైనును కాదు. కాబట్టి చైను ఊడినప్పుడు ఆగాలి. ఈ జవాబు మా సారుకు చెప్పాను. సారు నవ్వి, "మరి కొండ దిగడం కూడా విద్యే కదా? పొగాచర్ తన తొందరవల్లే పడ్డాడు. నీ లెక్క ప్రకారం అతని కోసం ఆగనక్కర లేదు. చైను కూడా, గేరు సరిగ్గా మార్చడం తెలిస్తే ఊడకపోవచ్చు" అన్నారు. నా జవాబు అక్కడికక్కడే పంక్చరయింది.

ఇంకో మాట కూడా ఉంది. నాయకుడు ఆగితే నష్టం అతనికి ఒక్కడికే కాదు. అతని కోసం నీళ్ళ సీసాలు మోసి, గాలికి ఎదురు తొక్కి, తాము ఓడిపోవడానికి ఒప్పుకున్న ఏడుగురి కష్టం అతని చేతిలో ఉంది. ఇంకొకరి కష్టంతో నేను ధర్మాత్ముణ్ణి అనిపించుకోవడం ధర్మమేనా? దీనికి జవాబు దొరక్క చాలా రోజులు ఊరకున్నాను.

జవాబు పుస్తకంలో దొరకలేదు. నా తప్పులోనే దొరికింది.

మా తరగతిలో మొదటి ర్యాంకు కోసం ఇద్దరం పోటీ. నేనూ, బాగేపల్లి వైపు నుంచి వచ్చే నా స్నేహితుడూ. ప్రిపరేటరీ పరీక్షలకు ముందు వాడికి జ్వరం వచ్చి చింతామణిలో వాళ్ళ అత్త ఇంట్లో పడుకున్నాడు. లెక్కలు, సైన్సు నోట్సు శుక్రవారం చింతామణి బస్సులో పంపించమని ఫోన్ చేశాడు. సరే అన్నాను. శుక్రవారం పంపలేదు. ఇంకా రాసుకోవాల్సింది ఉందని నాకు నేనే చెప్పుకున్నాను. శనివారం కూడా అదే చెప్పుకున్నాను. ఆదివారం సాయంత్రం పంపాను. సోమవారం పరీక్ష.

నాకు వాడికంటే నాలుగు మార్కులు ఎక్కువ వచ్చాయి. బడికి వచ్చినప్పుడు వాడు అన్న మాట ఇది: "శుక్రవారం బస్సు తప్పిపోయిందేమోలే అనుకుంటిని రా." నేను చెప్పాల్సిన అబద్ధం కూడా వాడే నా తరఫున చెప్పేశాడు. నేను తల ఊపాను. ఆ తల ఊపడం నోట్సు ఆపడం కంటే పెద్ద తప్పని ఇప్పుడు అనిపిస్తుంది.

జ్వరం వాడి తప్పు కాదు, నిజమే. కానీ వాడు సోమరితనంతో నోట్సు రాసుకోకపోయి ఉంటే నేను ఆపడం సరైనదయ్యేదా? కాదు. పంపుతానని నోటితో చెప్పాను కదా. వాడు నన్ను నమ్మి వేరే ఎవరినీ అడగలేదు. అప్పుడు అర్థమయింది, ఆగాలా వద్దా అనేది పడినవాడి తప్పును కొలిచి తేల్చే లెక్క కాదని. వాడు ఎందుకు పడ్డాడో వాడి సంగతి. పడినప్పుడు నేనెవరినో అది నా సంగతి. పైగా క్షణం ముందు వింగెగార్డ్ తూలింది అదే దిగుడులో. పడింది తానైనా అయ్యుండవచ్చు. జ్వరం మా ఇంటికి కూడా రావచ్చు.

మరి ఆ ఏడుగురి కష్టం? దానికీ జవాబు ఆ రోజు పందెంలోనే ఉంది. వింగెగార్డ్ ఆగింది పొగాచర్ మళ్ళీ వచ్చి కలిసేదాకానే. 13 కిలోమీటర్లకు పైగా ఉన్న ఓటకామ్ ఎక్కుడులో ఒక్క అడుగు కూడా దానం చేయలేదు. పొద్దున్నే ముందుకు పోయిన అతని జట్టువాడు వాన్ ఆర్ట్ అక్కడ వేగం పెంచాడు, పొగాచర్ వెనకబడ్డాడు, వింగెగార్డ్ 1 నిమిషం 4 సెకన్ల తేడాతో గెలిచాడు. ఆగడం అంటే గెలుపు వదులుకోవడం కాదు. పోటీ మళ్ళీ నిలబడేదాకా ఆగడం. జట్టు కష్టపడింది పోటీలో గెలవడానికే గాని, ఒకడు దారిలో పడి ఉండడానికి కాదు.

ఇంకొక్క మాట. వింగెగార్డ్ ఆగడం లెక్కకు అందదని పైన రాశాను. కానీ మంచితనం లెక్కకు అందకపోవడం మంచిదేనా? ఎవరు ఎప్పుడు దూకుతారో తెలియకపోతేనే పందెం రుచి. ఎవరు ఎప్పుడు చేయిస్తారో కూడా తెలియకపోతే మాత్రం ఊళ్ళో బతకలేం. వాన రాత్రి తలుపు తడితే పక్కింటి అవ్వ తీస్తుందని మనకు ముందే తెలుసు. దాన్నే మనం నమ్మకం అంటాం. నా స్నేహితుడు నా గురించి ఒక ఊహ చేశాడు, శుక్రవారం బస్సులో నోట్సు వస్తుందని. ఆ ఊహ తప్పయింది. తప్పు ఊహించినవాడిది కాదు.

ఈ వ్యాసం మిస్సుకు ఇచ్చే ముందు వాడికి చూపించాను. చివరిదాకా చదివి కాగితం మడిచి ఇచ్చాడు. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "ఎస్సెస్సెల్సీలో చూసుకుందాంలే. ఈసారి నోట్సు నేను ముందే రాసిపెట్టుకుంటా" అన్నాడు. క్షమించాడో, ఇక నన్ను నమ్మనన్నాడో నాకు తెలియలేదు. దాన్ని ఊహించే హక్కు కూడా నాకు లేదు. వాడు మళ్ళీ అడిగినరోజు, శుక్రవారమంటే శుక్రవారమే బస్సు దగ్గర నిలబడడం ఒక్కటే నేను చేయగలిగింది.