బారసాల తర్వాత తండ్రి సంగతి

బారసాల నాడు పళ్లెంలో బియ్యం పోసి, బిడ్డ పేరు రాయమని చాలా ఇళ్లలో తండ్రి చేతికే ఉంగరం ఇస్తారు. ఆ రోజు ఫొటోలన్నిటిలోనూ అతనుంటాడు. మర్నాటి నుంచి అతని ఊసు ఎవరికీ పట్టదు. బాలింతకు ఏం పెట్టాలో, పసిబిడ్డకు నీళ్లెలా పోయాలో చెప్పడానికి మన ఆడవాళ్ల దగ్గర తరతరాల తెలివి ఉంది. కొత్తగా తండ్రయినవాడు ఎలా ఉన్నాడని అడిగే అలవాటు మాత్రం లేదు. 'బాలింత'కు జోడీగా మగవాడికి ఒక మాట కూడా పుట్టలేదు. బరువును నోరెత్తకుండా మోయడమే మగతనమని, అదే మన విలువ అని అనుకుంటూ దాన్ని సముద్రాలు దాటించాం. నిజానికి పురుటింటిని ఒంటరిగా వదలకపోవడమే మన అసలు విలువ. ఆ ఇంట్లో తండ్రి కూడా ఉన్నాడని గుర్తించడమే ఇప్పుడు చేయవలసింది.

ఇది సానుభూతి కోసం చెప్పే మాట కాదు. పాల్సన్, బేజ్‌మోర్ అనే పరిశోధకులు 43 అధ్యయనాలను, అంటే సుమారు 28 వేల మంది వివరాలను, కలిపి చూసి 2010లో జామా వైద్య పత్రికలో ఫలితాలు ప్రకటించారు. భార్య గర్భవతి అయినప్పటి నుంచి బిడ్డకు ఏడాది నిండేదాకా తండ్రుల్లో పదిమందికి ఒకరిలో డిప్రెషన్ లక్షణాలు కనిపించాయి. బిడ్డకు మూడో నెల నుంచి ఆరో నెల దాకా అది మరింత ఎక్కువ. తల్లి కుంగుబాటుకూ తండ్రి కుంగుబాటుకూ సంబంధం ఉందనీ తేలింది. అంతకుముందు 2005లో లాన్సెట్‌లో వచ్చిన రాంచందానీ బృందం అధ్యయనం, కాన్పయిన ఎనిమిది వారాలకు తండ్రి కుంగిపోయి ఉంటే, ఆ బిడ్డల్లో మూడున్నరేళ్ల వయసుకు ప్రవర్తన సమస్యలు ఎక్కువగా ఉన్నాయని చూపింది. మగవాళ్లలో ఈ దిగులు చాలాసార్లు కన్నీళ్లుగా బయటపడదు. చిరాకు, తాగుడు, ఇంటికి ఆలస్యంగా రావడం దాని వేషాలు. అందుకే ఇంట్లోవాళ్లు దాన్ని జబ్బనుకోరు, బాధ్యత లేదనుకుంటారు.

మేడ్చల్, శామీర్‌పేట వైపు చూస్తే ఈ లెక్కలకు మన ముఖం కనిపిస్తుంది. హైదరాబాద్ పక్కన, 2016లో ఏర్పడిన కొత్త జిల్లాలో చేరిన ఈ ప్రాంతంలో ఒకపక్క పరిశ్రమలు, మరోపక్క జీనోమ్ వ్యాలీ మందుల, టీకాల కంపెనీలు. రాజీవ్ రహదారి మీదుగా సిద్దిపేట, కరీంనగర్ నుంచి, జాతీయ రహదారి మీదుగా కామారెడ్డి, నిజామాబాద్ నుంచి వచ్చి ఇక్కడ అద్దె ఇళ్లలో కాపురం పెట్టినవాళ్లెందరో. తొలి కాన్పుకు భార్య పుట్టింటికి వెళ్తుంది. భర్త షిఫ్టుకీ, ఆదివారపు బస్సుకీ మధ్య తిరుగుతాడు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 2019-21లో తెలంగాణ కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లే, దేశంలోనే అత్యధికం. అంటే ఆపరేషన్ భయం, ప్రైవేటు ఆసుపత్రయితే బిల్లు కూడా తోడవుతాయి. మూడో నెలలోనో ఐదో నెలలోనో తల్లీబిడ్డా తిరిగి వచ్చేసరికి అత్తగారి సాయం అక్కడే ఆగిపోతుంది. పరాయి దేశంలోనూ ఇదే కథ. విజిటర్ వీసా మీద వచ్చిన అమ్మమ్మ ఆరు నెలలు తిరిగేలోపు విమానమెక్కుతుంది. పరిశోధకులు ఎక్కువ ప్రమాదమన్న నెలలూ, మన ఇళ్లలో పెద్దల చేయి విడిపోయే నెలలూ దాదాపు ఒకటే. ఇది రుజువు కాకపోవచ్చు, జాగ్రత్తపడడానికి మాత్రం చాలు.

'నవమాసాలు మోసి కన్నది ఆమె, ఇతనికేం బాధ?' అని అడిగేవారున్నారు. ఆమె నొప్పితో ఇతని దిగులుకు పోటీ లేదు. ఆమె కోలుకోవడానికి దగ్గరున్న మొదటి ఆసరా ఇతనే కాబట్టి ఆ ఆసరా కూలకూడదు, అంతే. 'మా తాతలకు లేని డిప్రెషన్ వీళ్లకెక్కడిది?' అనేది రెండో మాట. తాతలకు లేదని ఎవరూ కొలిచి చూడలేదు. పైగా వాళ్లకు అన్నదమ్ములు, బావమరుదులు, సాయంత్రం కూర్చోవడానికి ఒక అరుగు ఉండేవి. ఇప్పుడు మిగిలింది సెల్‌ఫోనే. 'ఇవి పాశ్చాత్యుల లెక్కలు' అన్న అభ్యంతరంలో కొంత నిజముంది. చాలా అధ్యయనాలు అక్కడివే, ప్రశ్నావళితో కొలిచింది వైద్యుడి నిర్ధారణతో సమానమూ కాదు. కానీ మన పిల్లల్లో ఎందరో కాపురాలు చేస్తున్నది ఆ దేశాల్లోనే కదా! సెలవు ఉంటే చాలదా అంటే, మన దేశంలో కేంద్ర ప్రభుత్వ ఉద్యోగికి 15 రోజుల పితృత్వ సెలవు ఉంది, ప్రైవేటు ఉద్యోగికి ఆ హక్కునిచ్చే కేంద్ర చట్టం లేదు. అమెరికాలో 1993 చట్టం అర్హులకు 12 వారాలిచ్చినా, జీతం ఇమ్మనలేదు. ఇంటి అప్పు, వీసా బెంగ ఉన్నవాడు జీతం లేని సెలవు తీసుకోవడానికి వెనకాడతాడు. చట్టం తీర్చని లోటును మనుషులే తీర్చాలి.

అది మనకు చేతకానిదేమీ కాదు. సీమంతానికి వెళ్లినప్పుడు కాబోయే తండ్రితోనూ పక్కన కూర్చుని మాట్లాడండి. అమ్మమ్మకు టికెట్ కొన్నప్పుడు తాతయ్యకూ కొనండి. అల్లుడితో సాయంత్రం నడిచి రావడం కూడా పురిటి సాయమే. బిడ్డకు మూడో నెల వచ్చాక, చూడడానికి ఇంకెవరూ రాని రోజుల్లో, అక్కడి తెలుగు సంఘం నుంచి అనుభవమున్న తండ్రి ఒకరు ఆ ఇంటికి వెళ్లి రావాలి. రెండు వారాలైనా దిగులు తగ్గకపోతే డాక్టరు దగ్గరికి పంపాలి. మన దేశంలో 14416కు ఫోన్ చేస్తే టెలీ మానస్ సేవ ఉచితంగా, తెలుగులోనూ అందుతుంది. అమెరికాలో ప్రాణం తీసుకోవాలన్న ఆలోచనలుంటే 988కు ఫోన్ చేయవచ్చు. ఈసారి బారసాలకు వెళ్తే బిడ్డను ఎత్తుకోండి, తల్లిని పలకరించండి. తిరిగి వచ్చేముందు తండ్రిని కూడా అడగండి: 'నువ్వెట్లున్నవ్, నిద్ర పడుతుందా?' జవాబు వచ్చేదాకా అక్కడే ఉండండి.