నేర్చుకున్న ధైర్యం

పోయిన మాఘమాసంలో మా పెద్దమ్మని ఢిల్లీకి తీసుకువెళ్ళాను. డెబ్బై నాలుగేళ్ళ వయసులో ఆవిడకి అదే మొదటి విమానం. మబ్బులు చూస్తుంది కదా అని కిటికీ పక్క సీటు ఇచ్చాను. ఆవిడ మబ్బుల సంగతి తర్వాత చూసుకోవచ్చనుకుందేమో, ఎదురుగా నిలబడ్డ ఎయిర్ హోస్టెస్‌ని చూడటం మొదలుపెట్టింది. సీటు బెల్టు ఎలా పెట్టుకోవాలో, ఆక్సిజన్ మాస్కు ఎలా తగిలించుకోవాలో, లైఫ్ జాకెట్ ఎలా వేసుకోవాలో ఆ అమ్మాయి చూపిస్తుంటే, ఒళ్ళో చేతులు పెట్టుకుని పురాణం విన్నంత శ్రద్ధగా వింది. విమానం మొత్తం మీద విన్నది ఆవిడ ఒక్కతేనేమో. నేనా? సంచీలో కళ్ళజోడు వెతుక్కుంటున్నాను.

"ఏమే, ఆ పిల్ల చివర్న ఇంగ్లీషులో ఏమంది?" అని అడిగింది పెద్దమ్మ.

"మామూలేలే పెద్దమ్మా, ఎప్పుడూ చెప్పేదే."

"ఎప్పుడూ చెబుతోందంటే అవసరమనేగా! ఏమందో చెప్పు."

చెప్పలేకపోయాను. బి.ఏ. చదివి, అరడజను నవలలు రాసి, ఎన్నోసార్లు విమానం ఎక్కిన నాకు ఆ నాలుగు మాటలు తెలియవు. పెద్దమ్మ ఇక నాతో లాభం లేదని ఆ అమ్మాయినే పిలిచింది. అదృష్టవశాత్తూ తెలుగు పిల్లే. "మాకు దగ్గర తలుపు ఎటుందమ్మా?" అని అడిగితే ఆ పిల్ల మొహం వెలిగిపోయింది. ఆ ప్రశ్న ఎవరూ అడగరట! "వెనక అయిదో వరస దగ్గర, అమ్మమ్మగారూ! ఏదైనా జరిగితే సామాన్లు మాత్రం వదిలేసి రావాలి" అంది.

పెద్దమ్మ నా ఒళ్ళోని సంచీ వంక చూసింది. అందులో చేత్తో రాసిన రెండొందల పేజీల నవల ఉంది. ఒక్కటే ప్రతి. "వదిలేస్తావుటే?" అంది. నవ్వి ఊరుకున్నాను కానీ, మనసులో సమాధానం నాకు తెలుసు. ఆ సమాధానం నాకే నచ్చలేదు.

ప్రమాదం నుంచి ఎవరైనా బయటపడితే మనవాళ్ళు అనేది ఒకటే మాట, భూమ్మీద నూకలున్నాయని. 1993 నవంబరులో మద్రాసు నుంచి హైదరాబాద్ వచ్చిన విమానం ఇక్కడ దిగలేక వెనక్కి మళ్ళి, ఇంధనం అయిపోవస్తే తిరుపతి దగ్గర పొలంలో దిగింది. అందులో ఉన్న 262 మందీ బతికారు. మన సినిమావాళ్ళు కూడా చాలామంది ఉండటంతో ఇంటింటా అదే మాట. అప్పుడు నేను బళ్ళో చదువుకుంటున్నాను. మా ఇంట్లో అందరూ వెంకన్నే కాపాడాడని దణ్ణం పెట్టుకున్నారు. నేనూ పెట్టుకున్నాను. అందులో తప్పేమీ లేదు. కానీ దేవుడికి దణ్ణం పెట్టాక, ఆ విమానాన్ని పొలంలోకి దింపిన చేతులకీ, అంతమందిని బయటికి చేర్చిన చేతులకీ ఒక్క దణ్ణం మిగిల్చామా అని ఇప్పుడు అనిపిస్తోంది.

2024 జనవరి 2న టోక్యోలోని హనేడా విమానాశ్రయంలో జరిగినది చూడండి. జపాన్ ఎయిర్‌లైన్స్ విమానం రన్‌వే మీద దిగుతూ, అక్కడున్న తీరరక్షక దళం వారి చిన్న విమానాన్ని ఢీకొని మంటల్లో చిక్కుకుంది. చిన్న విమానంలోని ఆరుగురిలో అయిదుగురు పోయారు. పెద్ద విమానంలో మాత్రం ప్రయాణికులు 367 మంది, సిబ్బంది 12 మంది, అందరూ ప్రాణాలతో బయటపడ్డారు. తర్వాత ఆ విమానం పూర్తిగా కాలిపోయింది.

లోపల పొగ కమ్ముకుంటోంది. మాట వినిపించే మైకు వ్యవస్థ పనిచెయ్యలేదు. సిబ్బంది మెగాఫోన్లతో, గొంతులతో కేకలు వేస్తూ దారి చూపించారు. ఎనిమిది తలుపులున్నా తెరిచినవి మూడే. మిగతావి ఎందుకు తెరవలేదంటారా? బయట మంట ఉన్న వైపు తలుపు తీస్తే అది ప్రాణం పోసే తలుపు కాదు, మంటని లోపలికి పిలిచే తలుపు. అందుకే ముందు కిటికీలోంచి చూసి, తర్వాత తియ్యాలి. పొగలో జనం కేకలు పెడుతుంటే తియ్యకుండా ఆగడం ఎంత కష్టమో ఆలోచించండి. వెనక తలుపు దగ్గరున్న ఆవిడకి పైలట్లతో మాట్లాడే వీలే లేకపోయింది. తనే చూసి, తనే నిర్ణయించుకుని, తలుపు తీసింది.

అదే సంస్థ విమానం 1985 ఆగస్టు 12న కొండల్లో కూలి 520 మంది పోయారు. ఆ శిథిలాలను వాళ్ళు కనపడకుండా పారెయ్యలేదు. 2006లో ఒక కేంద్రం పెట్టి, వాటిని అందులో ఉంచి, తమ ఉద్యోగులకు చూపిస్తున్నారు. ఇంట్లో జరిగిన చావుని మనం మాటల్లోంచి తప్పించేస్తాం. వాళ్ళు దాన్ని పాఠం చేసుకున్నారు.

ఈ మాట ఒక స్నేహితురాలితో అంటే, "అదేముంది, వాళ్ళ డ్యూటీ! జీతం తీసుకోవడం లేదూ? ట్రైనింగ్ ఇస్తే ఎవరైనా చేస్తారు" అంది. అక్కడే నాకు సందేహం పట్టుకుంది. నేర్పితే వచ్చిన ధైర్యం, పుట్టుకతో వచ్చిన ధైర్యం కంటే తక్కువదా?

ఒకసారి మా వంటింట్లో బాణలిలో నూనె అంటుకుంది. నేను గుమ్మంలో నిలబడి కేకలు వేస్తున్నాను. పెద్దమ్మ వచ్చి గ్యాసు కట్టేసి, పెద్ద మూత తెచ్చి బాణలి మీద బోర్లించింది. నీళ్ళు పొయ్యబోయిన పనిపిల్లని మోచేత్తో ఆపింది. "భయం వెయ్యలేదా పెద్దమ్మా?" అంటే, "వేసిందే, చెయ్యి దాని పని అది చేసుకుపోయింది" అంది. ధైర్యం గుండెలో ఉంటుందని నా నవలల్లో చాలాసార్లు రాశాను. చేతుల్లో కూడా ఉంటుందని ఆ రోజు తెలిసింది.

చేతులకి ఆ బుద్ధి ఊరికే రాదు. పొగ నింపిన గదుల్లో దారి వెతుక్కోవడం, బరువైన తలుపులు తెరవడం, జారుడుబల్ల మీదికి జనాన్ని తోసినట్టుగా పంపడం, నీళ్ళల్లో మనుషుల్ని తేల్చడం, ఇవన్నీ ఈ అమ్మాయిలూ అబ్బాయిలూ చేసి చేసి నేర్చుకుంటారు. ఒకసారితో అయిపోదు, మళ్ళీ మళ్ళీ పరీక్షలుంటాయి. కొత్తరకం పెద్ద విమానం తయారైతే, చీకట్లో, సగం తలుపులతోనే, నిండా ఉన్న జనం 90 సెకన్లలో ఖాళీ చెయ్యగలరని రుజువు చెయ్యాలి. మనకి కనిపించేది కాఫీ కప్పూ, చిరునవ్వూ.

అయితే శిక్షణతోనే అంతా అయిపోతుందనీ అనలేను. 1986 సెప్టెంబరు 5న కరాచీలో హైజాక్ అయిన విమానంలో నీర్జా భనోత్ ప్రయాణికుల్ని బయటికి పంపుతూ తన ప్రాణం ఇచ్చింది. ఇంకా ఇరవై మూడు నిండలేదు. తలుపు తియ్యడం ఎవరో నేర్పి ఉంటారు. తాను ముందు వెళ్ళకుండా ఆగడం ఆ అమ్మాయిదే. శిక్షణ దారి చూపిస్తుంది, ఆ దారిలో నిలబడేది మనిషే.

మరి మన వంతు? 2016 ఆగస్టు 3న తిరువనంతపురం నుంచి వెళ్ళిన విమానం దుబాయిలో దిగుతూ నేలకి కొట్టుకుని మంటల్లో చిక్కుకుంది. ప్రయాణికుల్లో ఎక్కువమంది మన దేశస్థులే. సిబ్బంది "వదిలేయండి" అని అరుస్తుంటే, కొందరు పైనున్న పెట్టెలు దించుకున్నారు. లోపలున్న 300 మందీ బతికారు. మంటలార్పడానికి వచ్చిన ఒక ఫైర్‌మన్ మాత్రం చనిపోయాడు. ఆ పెట్టెలవాళ్ళని తిట్టడం తేలిక. ఏళ్ళ తరబడి పరాయిదేశంలో కష్టపడేవాడికి ఆ పెట్టెలో పాస్‌పోర్టు ఉంటుంది, బతుకుతెరువు ఉంటుంది. నా సంచీలో నవల ఉన్నట్టే. కానీ పెట్టె దించే ఆ కొద్ది క్షణాలు ఆయనవి కావు, వెనక నిలబడ్డవాళ్ళవి. నా వెనక వరసలో ఆ రోజు చంటిపిల్లతో ఒక తల్లి కూర్చుంది.

ఢిల్లీ దగ్గరపడింది. ఆ అమ్మాయి మాకెదురుగా చిన్న సీటులో బెల్టు పెట్టుకుని, నిటారుగా, మాటా పలుకూ లేకుండా కూర్చుంది. "జపం చేసుకుంటోందా?" అని గుసగుసగా అడిగింది పెద్దమ్మ. దిగేటప్పుడు ఆ పిల్లనే అడిగాను. నవ్వి, "దిగేముందు ప్రతిసారీ మనసులో అనుకుంటామండీ, ఇప్పుడు ఏదైనా జరిగితే ముందు ఏం చెయ్యాలి, ఏ తలుపు, ఎలా తియ్యాలి, నా సాయం ఎవరికి కావాలి అని. మీ అమ్మమ్మగారు కూడా ఆ లెక్కలో ఉన్నారు" అంది. అమ్మమ్మ కాదు, పెద్దమ్మ అని దిద్దాలనిపించలేదు.

మేమంతా ఎండలో ఏ పచ్చళ్ళు తేలేదోనని ఆలోచించుకుంటుంటే, మమ్మల్ని ఎలా కాపాడాలా అని ఒక పాతికేళ్ళ పిల్ల లోపల్లోపల వల్లె వేసుకుంది. ఆ పిల్లకి నేను తిరిగి ఇవ్వగలిగింది చాలా చిన్నది. మాట్లాడుతున్న ఆ నాలుగు నిమిషాలూ తలెత్తి వినడం.

ఇంకొకటి కూడా చేశాను లెండి. ఢిల్లీలో దిగిన మర్నాడే ఆ నవల మొత్తం జిరాక్సు తీయించి, ఒక ప్రతి పెద్దమ్మ పెట్టెలో పెట్టాను. తిరుగు ప్రయాణంలో, "ఇప్పుడు వదిలేస్తావుటే?" అంది ఆవిడ.

"వదిలేస్తాను పెద్దమ్మా."

"మరి నా పెట్టెలో ఉన్నదో?"

"అది కూడా నువ్వు వదిలెయ్యాల్సిందే" అన్నాను. వెనక మూడో వరసలో తలుపు. ఈసారి నేనే లెక్కపెట్టాను.