దిద్దుబాటు ఎవరికి?

"మానవుని జన్యువులను దిద్దటం తప్పు కాదా, మాస్టారూ?" అని మొన్న తరగతిలో ఒక విద్యార్థి అడిగాడు.

పిండాన్ని దిద్దటాన్ని నేనూ సమర్థించను. పుట్టబోయే బిడ్డ సమ్మతి ఎవరు అడిగారు? కాని 2023లో బ్రిటన్, అమెరికా అనుమతించిన సికిల్‌సెల్ చికిత్స వేరు. రోగి రక్తపు మూలకణాలను బయటికి తీసి, క్రిస్పర్ పద్ధతిలో జన్యువును ఒకచోట తుంచుతారు. పుట్టిన కొన్నాళ్ళకు అణగిపోయిన శైశవపు హిమోగ్లోబిన్ మళ్ళీ తయారవుతుంది. ఆ కణాలను తిరిగి రోగికే ఎక్కిస్తారు. ఎముకలను పిండే నొప్పులు తగ్గుతాయి. ఇందులో అధర్మమేముంది?

అధర్మం దాని ధరలో ఉంది. అమెరికాలో ఆ చికిత్సకు ప్రకటించిన వెల 22 లక్షల డాలర్లు. మన దేశంలో ఈ వ్యాధి ఎక్కువగా పీడించేది ఆదివాసులను. అడవిలో పోడు చేసుకునే తల్లి ఆ అంకెను చదవనైనా చదవగలదా?

1895లో హెచ్.జి. వెల్స్ 'కాలయంత్రం' నవలలో మానవజాతి రెండుగా చీలిపోయిన భవిష్యత్తును ఊహించాడు. ఒకరి తీరికా, మరొకరి చాకిరీ తరతరాలుగా పేరుకొని ఆ చీలిక తెచ్చాయి. రేపు ఆరోగ్యాన్ని కొనగలవారూ, కొనలేనివారూ అట్లాగే చీలిపోరని హామీ ఏమిటి?

అందుకే ఆ కుర్రవానికి ఇట్లా చెప్పాను: దిద్దవచ్చునా అని తప్పక అడుగు. దిద్దే విద్య ఎవరి సొత్తయిందో కూడా అడుగు.